మధ్యలో మింగేసిన మాట

బెంగళూరులో తెలుగువాళ్ళు నలుగురు కూడితే మాట ఎక్కడ మొదలైనా చివరికి నీళ్ళ మీదికే వస్తుంది. 2024 వేసవి తర్వాత మరీను. ఆ మార్చిలో నగరంలోని ప్రభుత్వ బోర్లు దాదాపు 14 వేలలో సగం వరకు ఎండిపోయాయని ప్రభుత్వమే చెప్పింది. ట్యాంకరు ధరలకు అధికారులు హద్దు పెట్టారు. తాగునీటితో కారు కడిగితే 5,000 రూపాయల జరిమానా అన్నారు. వైట్‌ఫీల్డు, మారతహళ్ళి, కె.ఆర్. పురం వైపు అపార్టుమెంట్లలో ఉండేవాళ్ళకు ఆ రోజులు ఇంకా గుర్తున్నాయి. అయితే నేను రాయబోయేది నీళ్ళ కొరత గురించి కాదు, నీళ్ళ పేరుతో మనం చేసుకునే వాదనల గురించి. అవసరం మీద పడినప్పుడు మనం ఏ కారణాన్ని నమ్ముతామో, దేన్ని తోసేస్తామో అక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

మా అపార్టుమెంటు సంఘం సమావేశంలో కొత్త బోరు ప్రస్తావన వచ్చింది. అనంతపురం జిల్లా నుంచి వచ్చి కొడుకు దగ్గర ఉంటున్న పెద్దాయన ఒకరు లేచారు. మేమంతా ఆయన్ను బాబాయిగారని పిలుస్తాం. "మా ఊరి పక్కన ఒకాయన ఉన్నాడు. అరచేతిలో కొబ్బరికాయ అడ్డంగా పెట్టుకుని పొలమంతా నడుస్తాడు. నీళ్ళున్న చోటికి రాగానే కాయ లేచి నిలబడుతుంది. ఆయన చూపించిన చోటల్లా నీళ్ళు పడ్డాయి. పిలిపిద్దాం" అన్నారు. నాలుగో అంతస్తులో ఉండే ఇంజనీరు కుర్రాడు నవ్వేశాడు. "అంకుల్, కృత్రిమ మేధ తయారు చేస్తున్న ఊళ్ళో కూర్చుని ఈ మూఢనమ్మకాలేమిటి?" అన్నాడు. ఇక అక్కడి నుంచి బోరు సంగతి పోయింది. పెద్దవాళ్ళంతా ఒకవైపు, కుర్రవాళ్ళంతా ఒకవైపు.

ఆ ఇద్దరిలో వాదన అనదగినది చేసింది బాబాయిగారే. ఆయన మాటలో ఒక నిర్ణయం ఉంది, దానికి ఆయన చూపిన కారణం ఉంది. కారణం బలమైనదా కాదా అన్నది తర్వాతి సంగతి. ముందు అది పరీక్షించి చూడడానికి వీలైన మాట. కుర్రాడి మాటలో ఉన్నది ఊరి పేరు, కాలం పేరు, ఒక నవ్వు. కొత్త ఊళ్ళో ఉన్నంత మాత్రాన పాత మాట తప్పు అయిపోదు, పాతది అయినంత మాత్రాన ఒప్పూ అయిపోదు. నా అభిప్రాయం చివరికి కుర్రాడి పక్షానికే దగ్గరగా ఉన్నా, అతని మాటను నేను వాదనగా ఒప్పుకోలేను. సరైన చోటికి చేరినవాడు సరైన దారిలోనే వచ్చి ఉంటాడని అనుకోవడం చదువుకున్నవాళ్ళలో ఎక్కువగా కనిపిస్తుంది. అది నన్ను చాలా బాధపెడుతుంది.

వాదనను విప్పి చూసే పద్ధతి మన దగ్గర ఎప్పటినుంచో ఉంది. 17వ శతాబ్దపు తెలుగు పండితుడు అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహాన్ని దేశమంతటా తర్కానికి తొలి పాఠంగా చదువుకున్నారు. న్యాయశాస్త్రంలో (ఇక్కడ న్యాయమంటే చట్టం కాదు, మన ప్రాచీన తర్కశాస్త్రం) తరతరాలుగా చెప్పే కొండ ఉదాహరణే అందులోనూ ఉంటుంది. కొండ మీద నిప్పు ఉంది, ఇది ప్రతిజ్ఞ, అంటే రుజువు చేయదలచిన మాట. ఎందుకంటే పొగ కనిపిస్తోంది, ఇది హేతువు. పొగ ఉన్న ప్రతిచోటా నిప్పు ఉంటుంది, వంటింట్లో చూశాం కదా, ఇది ఉదాహరణ. ఈ కొండ మీదా అలాంటి పొగే ఉంది, ఇది ఉపనయం. కాబట్టి నిప్పు ఉంది, ఇది నిగమనం. మామూలు మాటల్లో ఈ ఐదూ ఎవరూ చెప్పరు. "అదిగో పొగ, ఏదో తగలబడుతోంది" అంటాం, అంతే. పొగకూ నిప్పుకూ ఉన్న విడదీయరాని సంబంధాన్ని వ్యాప్తి అంటారు. వాదన బరువంతా దాని మీదే ఉంటుంది. నోటితో చెప్పకుండా మింగేసేది కూడా దాన్నే.

అందుకే ఎదుటివారి మాట సరైనదా కాదా అని చూడాలంటే ముందు వారు మింగేసిన మాటను పైకి తీయాలి. నా దృష్టిలో విమర్శనాత్మక ఆలోచన అనేదానిలో ముప్పాతిక వంతు ఇదే. మిగతా పావు వంతు ఓపిక.

బాబాయిగారు మింగేసిన మాట ఏమిటి? "కొబ్బరికాయ లేచిన చోటల్లా నీళ్ళుంటాయి" అని అనిపిస్తుంది. కానీ అది చాలదు. ఎక్కడ తవ్వినా నీళ్ళు పడే నేల అయితే కాయ లేచిన చోట పడతాయి, లేవని చోటా పడతాయి. అప్పుడు కాయ చెప్పిందేమీ లేదు. కాబట్టి పూర్తి మాట ఇది: "కాయ లేచిన చోట నీళ్ళు పడినంతగా, లేవని చోట పడవు." ఈ రెండో సగాన్ని ఎవరూ పరీక్షించరు. కాయ లేవని చోట డబ్బు పోసి బోరు వేసేదెవరు?

నేను అడిగాను. "బాబాయిగారూ, ఆయన చూపించినా నీళ్ళు పడని బోర్లు కూడా ఉండే ఉంటాయి కదండీ?"

ఆయన కాసేపు ఆలోచించారు. "పడనివాటి గురించి ఎవరు చెప్పుకుంటారమ్మా? వాళ్ళు అప్పులు కట్టుకుంటూ ఉంటారు" అన్నారు.

ఆ రోజు అక్కడ వినిపించిన మాటల్లో అన్నిటికన్నా విలువైనది ఇదేనని నా నమ్మకం. అడిగినవారి మీద కోపం లేకుండా, తన వాదనలోని ఖాళీని తానే చూపించారు. నీళ్ళు పడిన రైతు పదిమందికి చెబుతాడు, పడనివాడు నోరు మెదపడు. మన చెవికి చేరేవన్నీ గెలిచిన కథలే అయినప్పుడు "చూపించిన చోటల్లా" అన్న మాట పుట్టక తప్పదు.

కాస్త లెక్క వేద్దాం. ఒక ప్రాంతంలో పది బోర్లు వేస్తే ఏడింటికి నీళ్ళు పడతాయనుకుందాం. అక్కడ కళ్ళు మూసుకుని చోటు చూపించే మనిషికి కూడా వరుసగా మూడు బోర్లూ పడే అవకాశం నూటికి 34. అంటే అలాంటివాళ్ళు పదిమంది ఉంటే వారిలో దాదాపు ముగ్గురికి ఒక్క ఓటమీ లేని పేరు వస్తుంది. ఆ ముగ్గురినే ఊరు గుర్తు పెట్టుకుంటుంది. ఎవరూ అబద్ధం ఆడలేదు, అయినా అబద్ధమైన నమ్మకం తయారైంది.

ఇది మన పల్లెలకే పరిమితమైన విషయం కాదు. 1987–88లో పశ్చిమ జర్మనీ ప్రభుత్వ ధనసహాయంతో మ్యూనిక్ దగ్గర ఒక పెద్ద కొట్టంలో పుల్లలతో నీటిజాడ చెప్పేవారిని పరీక్షించారు. కింది అంతస్తులో నీళ్ళ గొట్టాన్ని ప్రతిసారీ చోటు మార్చి పెట్టేవారు, పై అంతస్తులో ఉన్నవారు అది ఎక్కడుందో చెప్పాలి. దాదాపు 500 మందిని వడగట్టి 43 మందిని ఎంచుకుని 843 పరీక్షలు జరిపారు. కొద్దిమందిలో అసాధారణ శక్తి కనిపించిందని నిర్వాహకులు ప్రకటించారు. అమెరికా శాస్త్రవేత్త జిమ్ ఎన్‌రైట్ ఆ వివరాలనే మళ్ళీ పరిశీలించి, ఫలితాలు వచ్చాక మెరుగ్గా కనిపించినవారిని ఏరుకుని చూపించారనీ, మొత్తం కలిపి చూస్తే అది గుడ్డి ఊహకు మించినది కాదనీ 1999లో తేల్చాడు. మన ఊళ్ళో జరిగేదే అక్కడా జరిగింది. గెలిచినవారిని ఆట అయ్యాక ఎంచుకున్నారు.

కొబ్బరికాయ పట్టుకున్న ఆయన మోసగాడని నేను అనడం లేదు. మనం ఎదురుచూస్తున్న దిశలో చేతి కండరాలు మనకు తెలియకుండానే సూక్ష్మంగా కదులుతాయి. 1853లో మైకేల్ ఫారడే దీన్ని చక్కగా చూపించాడు. ఆత్మలు బల్లను తిప్పుతున్నాయని నమ్మి దాని మీద చేతులు వేసినవారి చేతుల కింద జారే అట్టలు అమర్చి, బల్లకన్నా ముందు చేతులే కదులుతున్నాయని బయటపెట్టాడు. కదిపినవారికి ఆ సంగతి నిజంగానే తెలియదు. మనిషి నిజాయితీపరుడు కావడం వేరు, ఆయన చెప్పింది నిజం కావడం వేరు. ఈ రెండింటినీ కలిపేయడం వల్ల మన ఇళ్ళలో సగం చర్చలు గొడవలుగా మారతాయి. "అంటే మా ఊరాయన అబద్ధాలకోరా?" అన్న ప్రశ్న వచ్చాక ఇక ఎవరూ ఎవరి మాటా వినరు.

బాబాయిగారు అంతటితో ఊరుకోలేదు, ఊరుకోకూడదు కూడా. "మిషను పెట్టి చూసే జియాలజిస్టును తెచ్చాం కదమ్మా మా పొలానికి. ఆయన చూపించిన రెండూ ఎండు బోర్లే. దానికేమంటావు?" అన్నారు. ఇది తేలిగ్గా కొట్టిపారేయదగిన మాట కాదు. కొబ్బరికాయకు ఒక కొలత, మిషనుకు ఒక కొలత పెట్టడం అన్యాయం. నేలలోకి విద్యుత్తు పంపి నిరోధాన్ని కొలిచే పద్ధతి మన గట్టిరాతి నేలల్లో తప్పుతూనే ఉంటుంది. లాల్‌బాగ్ కొండ మీద నిలబడితే కాళ్ళ కింద ఉండే నైస్ అనే గట్టి రాయి దాదాపు 300 కోట్ల ఏళ్ళ నాటిది. బెంగళూరు చాలావరకు అలాంటి రాతి మీదే ఉంది. అందులో నీళ్ళు నదిలా పారవు. పైన శిథిలమైన పొరలోనూ, కింద పగుళ్ళలోనూ చిక్కుకుని ఉంటాయి. పగులు తగిలితే నీళ్ళు, తగలకపోతే రాతిపొడి. అలాంటి చోట మిషను తప్పడం వింత కాదు. కానీ ఆ పద్ధతిలో ఏ లోతులో ఏ అంకె వచ్చిందో కాగితం మీద ఉంటుంది, తవ్వాక బయటపడిన రాయితో దాన్ని పోల్చవచ్చు, మరొకరు వచ్చి తప్పు పట్టవచ్చు. కొబ్బరికాయ పద్ధతిలో తప్పు పట్టడానికి ఏమీ మిగలదు. నీళ్ళు పడకపోతే "ఇంకో వంద అడుగులు పోవాల్సింది" అంటారు. ఎన్ని అడుగులు పోయినా తప్పని తేలే వీలు లేని మాటకు తర్కంలో చోటు లేదు.

ఇంతకూ ఆ సమావేశంలో అందరం కలిసి మింగేసిన మాట వేరే ఉంది. "బోరు ఎక్కడ వేయాలి" అని గంటసేపు కొట్టుకున్నాం. అసలు బోరు వేయాలా అన్న ప్రశ్న బల్ల మీదికే రాలేదు. పక్క అపార్టుమెంటువాళ్ళకు 1,200 అడుగుల్లో రెండు అంగుళాల నీళ్ళు పడ్డాయి కాబట్టి మనకూ పడతాయని అందరూ అనుకున్నారు. అక్కడ దాగిన మాట: నీళ్ళు పడితే నీళ్ళు ఉన్నట్టే. అది నిజం కాదు. లోతుకు వెళ్ళేకొద్దీ సాధారణంగా పగుళ్ళు తగ్గుతాయి, వాటిలో పట్టే నీళ్ళూ తక్కువే. తోడినంత వేగంగా వాన నీళ్ళు అంత కిందికి చేరవు. పక్కవాళ్ళదీ మనదీ ఒకే పగులు అయితే మనం తోడుకునేది వాళ్ళ సంపులోని నీళ్ళే. ఈ మాట బయటికి వచ్చాకే ఇంకుడు గుంతలు, వాడిన నీటి శుద్ధి, కావేరి కనెక్షను గురించి ఎవరైనా నోరు విప్పగలిగారు. దాదాపు 100 కిలోమీటర్ల దూరం నుంచి ఎత్తిపోసుకుని తెస్తున్న కావేరి నీళ్ళు కూడా అందరికీ ఎప్పటికీ చాలుతాయని నేను అనను. కానీ అది నిజమైన చర్చ.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయాలి. తర్కదోషాల పేర్లు నేర్చుకుని వాటితో ఎదుటివారిని కొట్టేవారు ఈ మధ్య ఎక్కువయ్యారు. ఎవరు ఏం చెప్పినా "ఇది ఫలానా దోషం" అని ముద్ర వేసి వెళ్ళిపోతారు. న్యాయశాస్త్రానికి మూలగ్రంథమైన న్యాయసూత్రాలు చర్చను మూడు రకాలుగా విడదీశాయి. నిజం తెలుసుకోవడానికి చేసేది వాదం, గెలవడానికి చేసేది జల్పం, తనకంటూ ఏ పక్షమూ లేకుండా ఎదుటివాడిని పడగొట్టడానికి చేసేది వితండ. దోషాల పేర్ల జాబితా వితండకు బాగా పనికొస్తుంది. వాదానికి కావలసింది పూర్వపక్షం. అవతలివారి మాటను వారే "అవును, నేనన్నది ఇదే" అని ఒప్పుకునేలా చెప్పగలగాలి. అది చేతకానివారికి ఖండించే హక్కు లేదని నేను గట్టిగా నమ్ముతాను. బాబాయిగారి జియాలజిస్టు ప్రశ్న వినకుండా మాట్లాడి ఉంటే నా వాదన సగం కూడా నిలబడేది కాదు.

మింగేసిన మాట బోరు దాకా ఆగితే డబ్బుతో పోతుంది. కొన్నిసార్లు ప్రాణం పోతుంది. 2018లో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయంటూ తెలుగు, కన్నడ, తమిళ సందేశాలు ఫోన్ల నిండా పారాయి. వాటితో పాటు ఒక వీడియో. మోటారుసైకిలు మీద వచ్చిన ఇద్దరు వీధిలో ఆడుకుంటున్న పిల్లవాడిని ఎత్తుకుపోతారు. కళ్ళతో చూసింది నమ్మకపోవడమెలా? అది కరాచీలో పిల్లల భద్రత కోసం తీసిన ప్రచార చిత్రం. చివర్లో పిల్లవాడిని తిరిగి దించి, హెచ్చరిక రాసిన అట్ట చూపిస్తారు. ఆ చివరి భాగాన్ని ఎవరో కత్తిరించారు. ఆ ఏడాది మే నెలలో మన బెంగళూరు చామరాజపేటలో, పని వెతుక్కుంటూ రాజస్థాన్ నుంచి వచ్చిన ఒక యువకుణ్ణి పిల్లల దొంగ అనుకుని గుంపు కొట్టి చంపింది. దేశంలో ఇలాంటి హత్యలు వరుసగా జరిగాక, ఒక సందేశాన్ని ఒకేసారి ఐదుగురికి మించి పంపకుండా వాట్సాప్ జులైలో పరిమితి పెట్టింది.

ఆ సందేశాలు పంపినవారిలో చెడ్డవారు ఎందరో నాకు తెలియదు కానీ, మా బంధువుల్లో పంపినవారంతా మంచివాళ్ళే. అడిగితే ఒకే జవాబు చెప్పారు. "నిజమో కాదో మనకెందుకు? పిల్లల విషయం కదా, ఒక మాట చెబితే పోయేదేముంది?" ఇది వాదనే, చాలా బలంగా వినిపించే వాదన. ఇందులో దాగినది: తప్పుడు హెచ్చరిక వల్ల ఎవరికీ నష్టం లేదు. ఆ ఒక్క వాక్యాన్ని పైకి చెప్పమని అడగండి. చామరాజపేట పేరు తెలిసినవారెవరూ దాన్ని పైకి చెప్పలేరు.

చూసింది నిజమై, తీసిన అర్థం తప్పు కావడానికి మరో ఉదాహరణ నాకు ఎప్పుడూ గుర్తొస్తుంది. చిత్తడి నేలల పక్కన ఉండేవారికి మలేరియా ఎక్కువ వస్తుందని వందల ఏళ్ళుగా అందరూ చూశారు. చూసింది అక్షరాలా నిజం. చెడుగాలి వల్ల వస్తుందని కారణం చెప్పారు. తర్కసంగ్రహంలో ఉపాధి అనే మాట ఉంది. నిప్పు ఉన్న చోటల్లా పొగ ఉంటుందని ఎవరైనా అంటే, ఎర్రగా కాలిన ఇనుప గుండును చూపిస్తారు. నిప్పుంది, పొగ లేదు. పొగకు కట్టె తడి కూడా కావాలి. కంటికి ఆనకుండా సంబంధాన్ని నడిపించే ఆ తడే ఉపాధి. చిత్తడికీ జ్వరానికీ మధ్య ఉన్న ఉపాధి దోమ. 1883లో రోనాల్డ్ రాస్ బెంగళూరులో సైనిక వైద్యుడిగా ఉన్నప్పుడు తన బంగళాలో దోమలు విపరీతంగా ఉంటే, కిటికీ బయట ఉన్న పీపాలోని నీళ్ళలో వాటి పిల్లలను చూశాడు. పీపా బోర్లించగానే దోమలు తగ్గాయి. అప్పటికి దానికీ మలేరియాకూ ముడి ఆయనకు తెలియదు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో, మలేరియా రోగిని కుట్టిన అనాఫిలస్ దోమ కడుపులో ఆ పరాన్నజీవిని కనుక్కున్నాడు. చెడుగాలిని నమ్మినవారు మూర్ఖులు కారు, వారి దగ్గర ఆధారాలు గుట్టలుగా ఉన్నాయి. ఒక కారణం సరిపోయినట్టు కనిపించాక, ఇంకేదైనా కూడా సరిపోతుందా అని వెతకడం చాలామంది మానేశారు.

నిపుణుల మాట వినకూడదా అని కొందరు అడుగుతారు. వినాలి. న్యాయశాస్త్రం ఆప్తుని మాటను ప్రమాణంగానే ఒప్పుకుంది. కాకపోతే ఆప్తుడంటే ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడు. "ఐఐఎస్‌సీ (భారత విజ్ఞాన సంస్థ) శాస్త్రవేత్తలు చెప్పారు" అని మొదలయ్యే సందేశంలో ఏ శాస్త్రవేత్త, ఎక్కడ, ఎప్పుడు అన్నది లేకపోతే ఆ మాట చెప్పింది శాస్త్రవేత్త కాదు, సందేశం.

మన ఇళ్ళలో దీనికి పెద్ద అడ్డంకి ఒకటుంది. పెద్దవారిని కారణం అడిగితే ఎదురు మాట్లాడినట్టు లెక్క. నేను మా వీధి తెలుగు పిల్లలకు ఆదివారాలు తెలుగు చెబుతాను. అక్కడ ఈ పద్ధతినే ఆటగా ఆడిస్తాను. ఒక ప్రకటన తెచ్చి, అందులో మింగేసిన మాట కనుక్కోమంటాను. ఒకసారి ఒక కోచింగ్ సంస్థ కరపత్రం తెచ్చారు. నిండా ర్యాంకులు, ఫోటోలు. తొమ్మిదో తరగతి అమ్మాయి చూసి అడిగింది: "టీచర్, ఇందులో మొత్తం ఎంతమంది చేరారో రాయలేదేమిటి?" బాబాయిగారి ఎండు బోర్లు ఇక్కడ విద్యార్థుల రూపంలో ఉన్నాయి. ఆ అమ్మాయి తండ్రి అక్కడే ఉన్నారు. మర్నాడు ఫోను చేసి ఆ సంఖ్య అడిగితే సంస్థవాళ్ళు చెప్పలేదట.

"చెప్పకపోతే మాత్రం ఏం చేస్తామండీ? ఎక్కడో ఒకచోట చేర్చాలి కదా" అన్నారు ఆయన తర్వాత నాతో. అది న్యాయమైన ప్రశ్న. ఎక్కడో ఒకచోట చేర్చాలన్నది నిజమే. కానీ అందులో "ఏ సంస్థ గురించీ ఇంతకన్నా తెలుసుకునే వీలు లేదు" అన్న మాట దాగి ఉంది, అది మాత్రం నిజం కాదు. కరపత్రంలో ఫోటో లేని పిల్లలు మన మధ్యే ఉన్నారు. నిరుడు అక్కడ చదివి, ఏ ర్యాంకూ రాక, ఇప్పుడు మామూలు కాలేజీలో చేరిన పిల్లలు ఇద్దరు మా వరుసలోనే ఉంటారు. వారిని ఎవరూ ఏమీ అడగలేదు. ఒక్కో గదిలో ఎంతమందిని కూర్చోబెట్టారు, మంచి ఉపాధ్యాయులు ఏ సెక్షనుకు వచ్చేవారు, వెనకబడితే ఎవరైనా పట్టించుకున్నారా, మధ్యలో ఎంతమంది మానేశారు, ఇవన్నీ వారికి తెలుసు. ఫీజు కట్టే ముందు ముందుగా వారింటికి వెళ్ళమని ఆయనకు చెప్పాను.